ఆరని బొంత

తెల్లవారుతూనే తడి బొంత భుజాన వేసుకుని దిగుడుబావి దారి పట్టే ఆడమనిషి ఆ ఊళ్ళో ఒక్కతే ఉంది. ఆమె గొర్రెల కాటమరాజు రెండో భార్య శ్రీశైలమ్మ. మిగతావాళ్ళు కడవ నింపుకుని ఇంటికి పోతారు. శ్రీశైలమ్మ మాత్రం తాగే నీళ్ళు ఇంట్లో పోసి వచ్చి, మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి, ఒడ్డున బండమీద బొంత ఉతకాలి. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ళు లోపలికి పోతాయి, దిగాల్సిన మెట్లు పెరుగుతాయి, మోకాళ్ళు మాత్రం ఆ పాతవే.

"గొంతు తడుపుకొనేదానికే నీళ్ళు లేకపోతే, ఈమెకు దినాం బొంతల ఉతుకుడేందో!" అని పక్కనే నిలబడి పైకే అనేవాళ్ళు. శ్రీశైలమ్మ పలికేది కాదు. మొదట్లో సిగ్గుపడి పలకలేదు, తర్వాత ఓపిక లేక పలకలేదు.

బొంత తడిపేది ఓబులమ్మ. కాటమరాజు మొదటి భార్య కొండమ్మ కన్న కూతురు, ఐదేళ్ళ పిల్ల. కొండమ్మ పచ్చి బాలింతగా కన్నుమూస్తే ఏడాది తిరక్కుండానే శ్రీశైలమ్మ ఆ ఇంట్లో కాలు పెట్టింది. చనిపోయిన సవతి పేరున వెండి బిళ్ళ మెడలో కట్టించుకుంది, ఆమె బిడ్డను ఒళ్ళో వేసుకుంది. తన కడుపున ఒక్కటీ నిలవలేదు కాబట్టి పరాయి బిడ్డమీద ప్రేమ పెంచుకుందని ఊళ్ళోవాళ్ళు తీర్మానించారు. వాళ్ళకు ప్రతిదానికీ ఒక కారణం కావాలి. ఆ పిల్ల పాక్కుంటూ వచ్చి ఆమె కుచ్చెళ్ళు పట్టుకుని లేచి నిలబడిన రోజే శ్రీశైలమ్మ పని అయిపోయింది, అంతకు మించి కారణమేమీ లేదు.

పగలంతా ఓబులమ్మ బంగారమే. గొర్రెపిల్లల వెంట పరిగెత్తుతుంది, పెట్టింది తింటుంది, అలిగినా అరగంటలో మరిచిపోతుంది. కన్ను మూతపడితే మాత్రం ఒళ్ళు తెలియదు. వేసవంతా మందను తోలుకుని కాటమరాజు నల్లమలలోనే ఉంటాడు గనుక ఆ తడీ, ఆ ఉతుకుడూ, ఆ నిద్రలేమీ మొత్తం శ్రీశైలమ్మ ఒక్కదాని వంతు.

పైగా అవి యుద్ధం రోజులు. గుడ్డకు కంట్రోలు వచ్చి, కొత్త చీర మాట దేవుడెరుగు, మసిగుడ్డకు కూడా కరువొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే బొంత. పాత గుడ్డలు ఎక్కడా దొరక్క, పెట్టెలో ఉన్న కొండమ్మ చీరలు తీసి పొరలు పొరలుగా పరిచి శ్రీశైలమ్మే కుట్టింది. తల్లి చీరల్లో బిడ్డ వెచ్చగా పడుకుంటుందని ఆమె అనుకుంది. ఊరు ఇంకో రకంగా అనుకుంది. చచ్చినమనిషి చీరల్లో పడుకోబెడితే ఆ మనిషి రాత్రిపూట రాకుండా ఉంటుందా, వస్తే పిల్ల జడుసుకోకుండా ఉంటుందా అని.

సలహాలకు మాత్రం ఏ కంట్రోలూ లేదు. ఒకరు నువ్వులూ బెల్లమూ దంచి పెట్టమన్నారు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. ఇంకొకరు సాంబ్రాణి వేయమన్నారు. అన్నీ చేసింది. నువ్వుల ఉండలు ఓబులమ్మకు బాగా నచ్చాయి, బొంత ఎప్పటిలాగే తడిసింది.

చివరికి కూలి పనిలో జతగా ఉండే సువార్తమ్మ ఒక మాట చెప్పింది. ఆమె మిషను గుడి పక్క వీధిలో ఉంటుంది, ఇంటినిండా పిల్లలను పెంచిన మనిషి.

"దీపం పెట్టినాంక నీళ్ళు తగ్గించు వదినా. నడిరాత్రి గూడ్సుబండి కూత పెడతది గదా, అప్పుడు లేపి బయట కూచోబెట్టు. నా పిల్లలకు ఇట్లనే మాన్పించినా."

సువార్తమ్మ తగ్గించమంది. శ్రీశైలమ్మ పూర్తిగా ఆపేసింది. రోహిణికార్తె ఎండల్లో దీపం వేళ నుంచి నీళ్ళు ఆపితే పిల్ల ఏమవుతుందో ఆమెకు తోచలేదు. నెలల తరబడి నిద్రలేని తలకు ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ సాయంత్రం ఓబులమ్మ "నీళ్ళు మా, నీళ్ళు మా" అని వెంటబడింది. "పొద్దున తాగుదువులే నా తల్లీ" అని నాలిక తడిపి, శ్రీశైలమ్మ గొర్రెపిల్లలను దొడ్లోకి తోలడానికి పోయింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో బండి ఆగింది. దిగినామె నాగేంద్రమ్మ, కొండమ్మను కన్నతల్లి. మనవరాలి సంగతి ఏమేమో చెవిన పడితే, చంద్రశేఖరపురం పక్క నుంచి ఎద్దులబండి కట్టించుకుని ఆ ముసలి ప్రాణం ఎండనపడి వచ్చింది. వచ్చీరావడంతోనే ఆమె కళ్ళబడింది ఏమిటయ్యా అంటే, గొర్రెపిల్లల రాతితొట్టిలో తల పెట్టి గటగటా నీళ్ళు తాగుతున్న ఓబులమ్మ.

"ఓసి నా తల్లో! తొట్టిలో తాగుతున్నావేందే!"

"అమ్మ నీళ్ళియ్యదు అవ్వా," అంది ఓబులమ్మ, గడ్డం మీదుగా నీళ్ళు కారుతుండగా.

ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. శ్రీశైలమ్మ పరిగెత్తుకొచ్చేసరికి ముసలామె పిల్లను ఒళ్ళోకి లాక్కుని, కంచెమీద ఆరేసిన బొంతను చూస్తోంది. అందులో తన కూతురి పెళ్ళినాటి ఎర్రచీర అంచు ఆమెకు కనబడింది.

"నా బిడ్డ చీరలు ఉచ్చగుడ్డలు చేసినావా? దాని బిడ్డకు గుక్కెడు నీళ్ళు గూడా నోచుకోనియ్యవా?"

"అట్ల గాదు పెద్దమ్మా. రాత్రిపూట పక్క తడుపుతాదని..."

"ఊరికే తడుపుతారా బిడ్డలు? కొట్టి బెదరగొడితే తడుపుతారు. నాకు తెలీదనుకుంటివా? అల్లుడు వచ్చేదాకా ఈడనే ఉంటా. బిడ్డ నా పక్కలో పడుకుంటది. ఈలోపల ఒక్క రాత్రి తడిసినా బిడ్డ బెదిరినట్టే. నా వెంట తీసుకపోతా. ఆయనొచ్చి అడ్డం చెప్తాడేమో చూస్తా."

కాటమరాజు అడ్డం చెప్పడని శ్రీశైలమ్మకు తెలుసు. తన ఇంట్లో ఆమె కూతురు పోయిందన్న బాధకు ఆయన అత్త ముందర తలెత్తడు. ఆమె అడిగితే మంద మొత్తం తోలి ఇస్తాడు, ఇక పిల్ల ఎంత. శ్రీశైలమ్మ కనలేదు, కాబట్టి తనదని గట్టిగా చెప్పలేదు. తనది కాదని ఎవరైనా అంటే బతకలేదు.

ఆ రాత్రి నుంచి ముసలామె లోపల బొంతమీద మనవరాలిని పొదువుకుని పడుకునేది. పడుకునే ముందు దగ్గరుండి చెంబెడు నీళ్ళు తాగించేది, ఎవరు వద్దంటారో చూస్తానన్నట్టు. శ్రీశైలమ్మ గడపకడ్డంగా ఒట్టి నేలమీద వాలేది. గూడ్సుబండి కూత వినబడగానే లేచి, పిల్లను మెల్లగా భుజాన వేసుకుని, కంచె దాకా మోసుకెళ్ళి కూచోబెట్టి, తెచ్చి పడుకోబెట్టేది. చెంబెడు నీళ్ళు కదా, కోడి కూయకముందే మళ్ళీ ఇంకోసారి. మధ్యలో ముసలామె కూడా గోడ పట్టుకుని బయటికి పోయేది. గడప దాటేటప్పుడు శ్రీశైలమ్మ చెయ్యి అందిస్తే విదిలించుకునేది.

పొద్దున్నే ముసలామె బొంతను అరచేత్తో తడిమి చూసేది. పొడిగా ఉండేది.

బొంత ఉతికే పని తప్పింది గానీ శ్రీశైలమ్మకు విశ్రాంతి దొరకలేదు. ఇంటికొచ్చిన మనిషికి వేళకు వండాలి, గొర్రెపిల్లలకు రొట్ట కోసుకురావాలి, నీళ్ళు మోయాలి. సంకటి కెలుకుతూ కునికితే అడుగంటి మాడిపోయింది. బావి మెట్లమీద కూచుని కళ్ళు మూసుకుంటే ఎవరో భుజం తట్టి లేపారు. ఆ రోజుల్లో దేవుడు ఎదుట నిలబడి ఏం కావాలో కోరుకోమంటే ముందు ఒక్క రాత్రి నిద్ర అడిగి ఉండేది. పిల్లను అడగాలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చేది. అట్లా గుర్తొచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసి, పొయ్యి ముందు కూచుని పొగ వంకతో ఏడ్చేది.

కొండల్లో వాన పడిందనీ, మంద కిందికి దిగిందనీ, కాటమరాజు తెల్లారేసరికి ఇంటికొస్తాడనీ కబురొచ్చింది. ముసలామె బండి యజమానిని పొద్దున్నే రమ్మంది. ఇంక ఒక్క రాత్రి గడిస్తే చాలు. శ్రీశైలమ్మ ముఖాన నీళ్ళు చల్లుకుని, వీపు వాల్చకుండా గడపలో కూచుంది. గూడ్సు కూత ఎప్పుడు వస్తుందా అని చెవులు అటే పెట్టింది.

ఆ కూత ఆమెకు వినబడనే లేదు. కళ్ళు తెరిచేసరికి ఎండ కాళ్ళమీద పడుతోంది, దొడ్లో గొర్రెపిల్లలు అరుస్తున్నాయి, ఆమె గడపకడ్డంగా వెల్లకిలా పడి ఉంది.

దిగ్గున లేచి లోపలికి పోయింది. బొంత సగానికి సగం తడిసి ఉంది. ఓబులమ్మ గోడకానుకుని, తల వంచుకుని నిలబడింది.

"నేనే పోసుకున్నా మా," అంది.

శ్రీశైలమ్మ ఇన్ని రాత్రులూ కాచి, తీరా అవసరమైన రాత్రి పడి నిద్రపోయింది. తనను తాను తిట్టుకోవడానికి కూడా శక్తి లేక పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకోగానే ఏదో తేడా తెలిసింది. పావడా తడిమింది. పొడిగా ఉంది. వెనకవైపు తడిమింది. అదీ పొడే. ఒంటిమీద ఎక్కడా చెమ్మ లేదు.

అప్పుడు తలెత్తి మూలకు చూసింది. నాగేంద్రమ్మ మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, చీర చుట్టూ బిగించుకుని, గోడవైపు చూస్తూ కూచుంది. ఆ చీర అంచు నుంచి నేలమీదికి తడి పాకింది. నిద్ర లేచేసరికి పక్కలో తడి తగిలితే అది తనదేనని పిల్ల ఒప్పేసుకుంది. ఆ ఇంట్లో ఎప్పుడు తడిసినా అది తనవల్లే తడిసింది కదా, ఇంకొకరు తడపగలరని దానికేం తెలుసు.

వాకిట్లో కాటమరాజు గొంతు వినబడింది. గొంగడి భుజాన వేసుకుని, కర్ర గోడకానించి, తొంగి చూశాడు.

"ఏంది, మళ్ళీ తడిపిందా?"

శ్రీశైలమ్మకు ఒక్క మాట చాలు. పావడా చూడమంటే సరిపోతుంది. ముసలామె వీపు ఇంకా కుంచించుకుపోయింది. ఆ వీపును చూస్తూ ఆ మాట అనడం శ్రీశైలమ్మ వల్ల కాలేదు. నలుగురి ముందర తడి బొంత మోసుకుని నడవడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"ఎవరూ తడపలేదు. కడవ దించుతుంటే చెయ్యి జారింది. నీళ్ళు ఒలికినయి," అంది.

"గాదు నాయనా, నేనే పోసుకున్నా," అంది ఓబులమ్మ చంకలోంచి. అబద్ధమాడితే తప్పని ఆ అమ్మే కదా నేర్పింది.

కాటమరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బరువుగా ఊపిరి వదిలాడు. "ఇంకేం దాస్తావు శ్రీశైలా? నీ కళ్ళు చూడు, ఎట్ల లోపలికి పోయినయో. కొన్నాళ్ళు అత్త దగ్గర ఉండనీ బిడ్డను. నీకూ ఇంత నిద్ర దొరుకుతది."

ఆయన జాలిపడే అన్నాడు. ఆ జాలికి శ్రీశైలమ్మ గుండె పగిలింది. పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుంది గానీ అసలు సంగతి మాత్రం బయటపెట్టలేదు.

"బిడ్డ గాదు అల్లుడా."

గోడవైపు తిరిగే అంది నాగేంద్రమ్మ.

"నేను. బయటికి పోదామని లేచినా. గడపకడ్డంగా ఇది పడి ఉండాది. లేపుదామని చెయ్యి గూడా చాపినా." చీర ఇంకా బిగించుకుంది. "దినామూ చూస్తనే ఉన్నా గదా నాయనా, నడిరాత్రి అది బిడ్డను ఎట్ల మోసుకపోతాదో, ఎట్ల తెచ్చి పడుకోబెడతాదో. నిద్రపోతన్నానని అది అనుకుంటది. రాత్రి దాన్ని లేపబుద్ధి కాలా. కాసేపు ఓర్చుకుందామనుకుంటి. ముసలి ఒళ్ళు, ఓర్చుకోలేకపోయినా."

కాటమరాజు తల దించుకుని గొంగడి కొస సర్దుకున్నాడు. శ్రీశైలమ్మ కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఓబులమ్మ చంక దిగింది. అవ్వ దగ్గరికి పోయి, ఆమె ముందు గొంతుకూర్చుని, ముఖంలోకి తొంగి చూసింది.

"ఏం గాదులే అవ్వా," అంది రహస్యంగా. "అమ్మ కొట్టదు."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో చెయ్యి పిల్ల తలమీద వేసి, అల్లుడివైపు తిరగకుండానే అంది.

"బండాయనకు చెప్పు నాయనా. నేనొక్కదాన్నే పోతానని."