రవిక చేతి మీద లేబుళ్లు

సంతకం తడి ఆరకముందే తండా పెద్ద ఫూల్‌సింగ్‌కు భయం పట్టుకుంది.

"గీ కాయితంల ఏం రాసిండ్రు బాబూ?"

"సంచులన్నీ మీ తండా ఆడవాళ్లు చేత్తో కుట్టారని."

"కుట్టలె గద."

హరనాథబాబు నవ్వాడు. ఆయనకు కాలువ కింద వరి, బాన్సువాడలో గోదాము, పైగా ఈ సంచుల కొత్త వ్యాపారం. "ఏమయ్యా నాయక్, హాంకాంగ్ ఇంకా ఇంగ్లీషోళ్ల చేతికిందే ఉంది. యూరపు వాళ్లు పేద దేశాల సరుక్కి సుంకం మాఫీ చేశారు గానీ, ఆ ఊరి సంచులకి చెయ్యలేదు. మాకెందుకీ అన్యాయం అని అక్కడి షావుకారు లబోదిబోమంటున్నాడు. ఈ సంచులు అక్కడివే. మన చేతిపనైతే సుంకం లేదు. లేబుళ్లు పీకండి, అద్దాలు కుట్టండి. అంతే."

సంతకం పెట్టకపోతే నాట్లకు వేరే తండాను పిలుస్తానని ముందే అన్నాడు. అందుకే ఫూల్‌సింగ్ పెట్టాడు.

నాలుగు వందల సంచులు. అన్నీ మిషను కుట్టు. ఆడవాళ్లు పదిహేను రోజుల్లో అద్దాలూ గవ్వలూ కుట్టారు. పీకిన లేబుళ్లు పొయ్యిలో వెయ్యమని ఫూల్‌సింగ్ చెప్పాడు. నిలబడి చూడలేదు. ఆ తప్పు అతనిదే.

పెళ్లాం పార్వతీబాయి పోయి మూడేళ్లు. మిగిలింది బిడ్డ హేమ్లి. తను జైలుకు పోతే దానికి దిక్కెవరు? రోడ్డు మీద జీపు చప్పుడైతే తింటున్న కంచం వదిలి గుడిసె వెనక్కి పోయేవాడు.

ఆ జీపు మంగళవారం పొద్దున గోదాము ముందు ఆగింది. సంచులు మూటలు కట్టడానికి ఫూల్‌సింగ్, హేమ్లి అక్కడే ఉన్నారు. ఎగుమతి సరుకు తనిఖీ అధికారి ఒక సంచి తిరగేసి, కుట్టును గోటితో గీకాడు. "చేత్తో కుట్టినవేనా?"

"నాయక్ సంతకం ఉందిగా సార్" అన్నాడు హరనాథబాబు.

అధికారి మంచినీళ్లడిగాడు. హేమ్లి చెంబు తెచ్చి చెయ్యి చాపింది.

ఫూల్‌సింగ్ ఆ చెయ్యి అప్పుడు చూశాడు. మెరిసేదేదీ తండా ఆడది పారెయ్యదు. అద్దం పెంకైనా, పైసా బిళ్లైనా, చొక్కా గుండీ అయినా బట్టకెక్కాల్సిందే. హేమ్లి రవిక చేతి చుట్టూ, అద్దాల నడుమ, జరీ అక్షరాల లేబుళ్లు వరసగా మెరుస్తున్నాయి.

అధికారి చెంబు అందుకోలేదు. వంగి చదివాడు. "హాంకాంగ్. ఇవెక్కడివమ్మా?"

హేమ్లి మురిసిపోయింది. "మంచిగున్నయా సారూ? గా సంచులకే ఉండె. ఇంట్ల డబ్బ నిండ ఉన్నయి. తెమ్మంటరా?"

ఫూల్‌సింగ్ హరనాథబాబు వైపు చూశాడు. బాబు చూపు కాలువ మీద ఉంది.

అధికారి సంతకమున్న కాగితం విప్పాడు. "ఫూల్‌సింగ్ ఎవరు?"

అందరికన్నా ముందు లేచింది హరనాథబాబు చెయ్యి. "వీడే సార్. నన్నే మోసం చేశాడు."

హేమ్లి చేతిలో చెంబు ఒరిగింది. నీళ్లు ఒలికి లేబుళ్లు తడిశాయి. "బాపూ, నేనేమన్న తప్పన్ననా?"

ఫూల్‌సింగ్ బిడ్డ వైపు చూడకుండా జీపు దగ్గరికి నడిచాడు.