వాల్టర్ వయసు

నా చేతిరాత బాగుంటుంది. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఒక సేవ. సౌదీలో యాన్బు రేవు దగ్గరున్న క్లినిక్‌లో రోగుల చీటీలు రాసేది నేనే. జ్వరంతో వచ్చినవాడు తన పేరు అంత అందంగా చూసుకుంటే సగం కోలుకుంటాడని నా నమ్మకం. డాక్టరు నమ్మడు.

రోజూ తొమ్మిదింటికి వాల్టర్ వచ్చేవాడు. ఆస్ట్రేలియా సిపాయి. 1915లో యుద్ధానికి పోతూ, ఓడలోనే జ్వరమొచ్చి చచ్చిపోతే, కాన్వాసు గుడ్డలో చుట్టి ఇక్కడి సముద్రంలో దింపేశారు. తడి బూట్లతో వచ్చి వరసలో నిలబడేవాడు. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, లేదు కాబట్టి విజిటర్ అని రాసేవాణ్ణి. వయసు ఇరవై ఒకటి అనేవాడు, అదీ రాసేవాణ్ణి. నర్సు బ్లెస్సీ మూడో మంచం మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టేది. మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు ప్రాణం పోయేది, మంచం కింద ఉప్పునీళ్లు మాత్రం మిగిలేవి. మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఇంట్లో పనిచేస్తూ ఆయన క్లినిక్ కూడా తుడిచే ఖాసింబీ ఆ ఉప్పునీళ్లు మాపుతో లాగేసేది.

ఒకరోజు ఆమె మాపు ఆపింది.

"గురవయ్యన్నా, మీసం మొలవనోడికి ఇరవై ఒకటేంది? సరిగ్గా అడుగు."

"చెప్పిందే రాస్తానమ్మా."

"అట్లనా? నేను ఇరవై రెండంటే, రాయచోటిలో నువ్వు ముప్పై రెండు రాయలేదా?"

వరసలో వాళ్లు నా వైపు చూశారు. ముప్పై దాటని ఆడమనిషిని గల్ఫు ఇంటిపనికి పంపరు మరి. అప్పట్లో ఏజెంటు దగ్గర అప్లికేషన్లు నింపేవాణ్ణి. ఆ ముప్పై రెండు చాలా అందంగా వచ్చింది కూడా.

అడిగాను. వాల్టర్ బూట్ల వంక చూసుకున్నాడు.

"పదిహేడు. ఇరవై ఒకటైతే అమ్మ సంతకం అక్కర్లేదు."

"అదే రాయండి గురవయ్య గారూ," అంది బ్లెస్సీ. "రోజూ నా చేతుల్లోనే పోతున్నాడండీ బిడ్డ."

జీవితంలో మొదటిసారి కొట్టేసి రాశాను. వంకరగా వచ్చింది. వాల్టర్ చీటీ చదువుకుని, "దీంతో నన్ను పటాలంలో చేర్చుకోరు" అన్నాడు, కోపంగానే. జేబులో పెట్టుకుని సముద్రం వైపు వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం మూడో మంచం ఖాళీగా ఉంది.

పది రోజులకు అటునుంచే ఒక ముసలాయన వచ్చాడు. పేరు వాల్టర్, వయసు ఎనభై మూడు. గొర్రెల వెంట తిరిగి తిరిగి మోకాళ్లు పోయాయట. బ్లెస్సీ కుర్చీ వేసి, నొప్పి మాత్రలిచ్చి పంపింది.

ఆయన అలా వెళ్లగానే ఖాసింబీ నా బల్ల మీద ఒక కాగితం పరిచింది. పాస్‌పోర్టు జిరాక్సు. అసలుది కఫీల్ దగ్గరుంది.

"నాదీ దిద్దన్నా. ఇంటికి పోతా."

దిద్దాను, వంకరగానే. ఏమైనా మారుతుందేమోనని ఆమె కాసేపు ఎదురుచూసి, మాపు తీసుకుని లోపలికి పోయింది. అసలుది ఎట్లా దిద్దాలో నేనింకా నేర్చుకోలేదు.