ఆ ఒక్క వత్తు

మా ఆయన్ని ఇల్లు వదిలి వెళ్లిపొమ్మన్నది నేనే. అదీ ఆదివారం మధ్యాహ్నం, భోజనాల దగ్గర, ఆయన కంచంలో రెండోసారి కూర వడ్డిస్తూ. ఆ మాట అంటున్నది ఆయన్నేనని మాత్రం నాకప్పటికి తెలియదు.

నాది ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ప్రేమ నవలలు అచ్చువేసే ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా ఎర్ర పెన్నుతో బతుకుతున్నాను. నా చేతిలో ఎందరు హీరోలు పడ్డారో! హీరోయిన్ చెయ్యి పట్టి లాగేవాళ్లు, దారికడ్డం నిలబడి మాట్లాడేవాళ్లు, "నువ్వు నాదానివి" అని గర్జించేవాళ్లు. ఈ మధ్య పాఠకులకు వాళ్లంటే మొహం మొత్తింది. ఇప్పుడంతా మెత్తని మనసున్న హీరోలదే రాజ్యం. "వెన్నముద్దల సీజనమ్మా ఇది" అంటాడు మా ఓనరు.

అలాంటి వెన్నముద్ద ఒకటి నెల క్రితం నా బల్ల మీదికి వచ్చింది. రాసినవాళ్ల పేరు లేదు. "చెప్పనని మాటిచ్చాను, అడక్కు" అన్నాడు ఓనరు. వారానికి రెండేసి అధ్యాయాలు టైపు చేసి పంపేవారు. కథలో హీరో గడియారాలు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లాం తుమ్మితే లేచి ఫ్యాను ఆపుతాడు. పొద్దున్నే ఆవిడ కళ్లజోడు తుడిచి చేతికందేలా పెడతాడు. ఆవిడేమో అతన్ని "మీరు", "ఏవండీ" అంటుంది. అతను "నువ్వు" అంటాడు. వినడానికి పెత్తనమంతా అతనిదే అనిపిస్తుంది. కానీ గోడల రంగు దగ్గర్నుంచి అతను వేసుకునే చొక్కా దాకా నిర్ణయం ఆవిడదే. అతను ఏదైనా చెప్పబోతే చాలు, "మీకేం తెలీదు, ఊరుకోండి" అంటుంది.

ఆ మాట మొత్తం అరవై మూడు సార్లు వచ్చింది. ఓపిగ్గా లెక్కపెట్టి పక్కన ఎర్ర సిరాతో రాశాను: "ఏ ఆడదైనా ఇన్నిసార్లు అంటుందా? నమ్మేలా లేదు. తగ్గించండి."

ఇంకో చిరాకు కూడా ఉంది. రాసినవాళ్లకి "అర్థం" అని రాయడం రాదు. ప్రతిచోటా థ వత్తు బదులు ధ వత్తు పెట్టి "అర్ధం" అని రాశారు. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ఈపాటి తేడా తెలియకుండా నవలలు రాసేయడమే! "ఆమెకి అర్ధం కాలేదు" అని ఉంటే, "ఏం, పావే అయిందా?" అని ఒక్కదాన్నే నవ్వుకుంటూ దిద్దాను.

ఆ ఆదివారం ఉండబట్టలేక కథంతా మా ఆయనకి చెప్పాను. ఆయన కళ్లజోళ్ల షాపులో అద్దాలు సానపట్టి ఫ్రేములకి బిగిస్తారు. నా కళ్లజోడూ ఆయన చేసిందే.

"ఆ హీరోయిన్‌ని చూస్తే ఒళ్లు మండిపోతోందండీ! అదేం ఆడది? రాక్షసి."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "అంత చెడ్డదా?"

"చెడ్డదైతే పోనీలే అనుకోవచ్చు. తను చాలా మంచిదాన్నని అనుకుంటుంది, అదీ నా మంట."

"నిజంగా మంచిదేనేమో. అతనే నోరు తెరిచి..."

"మీకేం తెలీదు, ఊరుకోండి."

ఆయన ఊరుకున్నారు. కాసేపటికి, "చివరి అధ్యాయం ఇంకా రాలేదన్నావుగా. అతను ఏం చెయ్యాలంటావు?" అన్నారు.

"వెళ్లిపోవాలి! చీమూ నెత్తురూ ఉంటే సంచి సర్దుకుని వెళ్లిపోవాలి. అప్పుడుగానీ దానికి తెలిసిరాదు. ఇదిగో, ఇంకొంచెం కూర వేసుకోండి."

కడుపు నిండిందని మొహం చెబుతూనే ఉంది. అయినా వేయించుకున్నారు. "మా షాపువాళ్లు ఇంకో ఊళ్లో కొత్త షాపు తెరుస్తున్నారు. నన్ను..." అని ఏదో మొదలుపెట్టారు.

"ముందు తినండి, చల్లారిపోతోంది" అన్నాను.

గురువారం మధ్యాహ్నం చివరి అధ్యాయం వచ్చింది. ఈసారి టైపు లేదు, చేత్తో రాసి ఉంది. కవరు చించి మొదటి పేజీ చూశాను.

కుడి కన్ను ఇంత, ఎడమ కన్ను ఇంత అని షాపు చీటీల మీద కనిపించే రాత అది. వరస చివరికొచ్చేసరికి అక్షరాలు కిందికి వాలిపోయే రాత. కళ్లు మోసం చేస్తున్నాయేమో, అద్దాలు తుడుచుకుందామని కళ్లజోడు తీశాను. తుడవడానికేమీ లేదు. పొద్దున్నే ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టారు.

అమ్మో! ఆ రాక్షసి నేనే. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నేనైతే ఆ నలుపుని అరవై మూడు సార్లు లెక్కపెట్టి కూడా ఎరగలేదు.

కథలో హీరో భార్యకి ఉత్తరం రాస్తున్నాడు. "ఇరవై రెండేళ్లలో నువ్వు నన్ను అర్ధం చేశావు." అలవాటు కొద్దీ నా పెన్ను ధ వత్తు మీదికి పోయింది. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలు కనిపించాయి.

"ప్రూఫ్ రీడర్ గారికి. మిగతావన్నీ నా తప్పులే. ఇది మాత్రం దిద్దకండి, సగం అనే రాశాను. నా మాట మీరు మధ్యలో ఆపకుండా చివరిదాకా వినాలంటే నాకు ఈ దారి ఒక్కటే దొరికింది. చివర ఏం చెయ్యాలో మీరే చెప్పారు. కొత్త షాపులో చేరుతున్నాను. నాలుగు గంటల బస్సు."

మీరు అన్నారు. గారు అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు.

గోడ గడియారంలో నాలుగుకి పావుగంట తక్కువ. ఓనరు పిలుస్తున్నా వినిపించుకోకుండా పరుగెత్తాను. రెండు వీధులు దాటి, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని, బస్టాండులో ఆయాసపడుతూ బస్సెక్కాను.

ఆయన మూడో వరసలో, ఇద్దరు కూర్చునే సీటులో ఉన్నారు. ఈ చివర, నడిచే దారి పక్కన. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఏ బస్సెక్కినా కిటికీ పక్క సీటు నాది. నన్ను వదిలిపెట్టి వెళ్తూ కూడా ఆయన దాన్ని నాకే వదిలారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దిగండి. మీకేం..."

మిగతా సగం మింగేశాను. అసలు ఆ మాట లేకుండా ఆయనతో ఎలా మాట్లాడాలో నాకు తెలియలేదు.

"మీకు... ఏం కావాలండీ?" అన్నాను.

ఆయన తెల్లబోయి చూశారు. ఎన్నడూ ఎవరూ అడగని ప్రశ్న, పాపం. డ్రైవరు హారన్ కొట్టాడు.

"కిటికీ పక్కన కూర్చోవాలని ఉంది" అన్నారు చివరికి.

జరిగి కూర్చున్నారు. పక్కన ఖాళీ అయిన సీటు చూసి, "నేనూ రానా?" అన్నాను.

ఆయన కాసేపు బయటికి చూశారు. మళ్లీ నావైపు తిరిగారు.

"వద్దు" అన్నారు మెత్తగా. "ఇప్పుడే వద్దు."

కంచంలో కూర దగ్గర కూడా ఆయన నోట ఆ మాట నేను వినలేదు. మారు మాట్లాడకుండా దిగిపోయాను. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు.

ఆఫీసుకొచ్చి మిగిలిన పేజీలు దిద్ది ఓనరు బల్ల మీద పెట్టాను. అతను తిరగేసి మొహం చిట్లించాడు.

"ఏమ్మా, ఇంత పెద్ద తప్పు వదిలేశావు? అర్ధం అట, అర్ధం! కళ్లు కనపడ్డం లేదా?"

"అది తప్పు కాదండీ. అలాగే వెయ్యండి" అన్నాను.

కళ్లజోడు అప్పటికే తడిసి మసకగా ఉంది. తీసి నేనే తుడుచుకున్నాను.