వెల్లకిలా పడ్డ గొర్రె

పిల్లల వెనకాల సైకిల్ మీద వెళ్తానంటే మొదట క్లైవ్ ట్రాంటర్ ఒప్పుకోలేదు.

"గ్వెండా, నీకు అరవై ఒకటి. ఆ కుడి మోకాలు నిన్ను మేడమెట్లే ఎక్కనివ్వదు, సైకిలేం తొక్కనిస్తుంది?" అన్నాడు.

"మెట్లెక్కితే మోకాలు నన్ను మోయాలి. సైకిలెక్కితే ఆ పని సీటు చూసుకుంటుంది," అన్నాను.

క్లైవ్ పద్ధతి గల మనిషి. మా యువజన సంఘం తరఫున ఏటా పదిహేనేళ్ల పిల్లల్ని మూడు రోజుల కొండనడకకి పంపే బాధ్యత అతనిది. డేరాలు, తిండి, స్టవ్వు పిల్లలే మోసుకోవాలి, దారి వాళ్లే వెతుక్కోవాలి. పూర్తిచేస్తే పతకం. పెద్దవాళ్లం వాళ్లతో పాటు నడవకూడదు. ముందే అనుకున్న చోట్ల కలిసి, బాగున్నారో లేదో చూసి తప్పుకోవాలి. పిల్లల సంచిలో పెట్టిన చిన్న యంత్రం తన ఫోన్లో ఎర్ర చుక్కలా కదులుతుంటే, క్లైవ్ వ్యాన్లో కూర్చుని దాన్నే చూస్తుంటాడు. నేనేమో ముప్పై నాలుగేళ్లు ఈ ష్రాప్‌షైర్ పల్లెల సందుల్లో సైకిల్ మీద ఉత్తరాలు పంచినదాన్ని. ఏ కుక్క కరుస్తుందో, ఏది ఊరికే బెదిరిస్తుందో నాకు తెలుసు. చివరికి, "సరే, ఈ ఒక్క జట్టుకీ చూద్దాం" అన్నాడు.

నా జట్టులో నలుగురు. మ్యాపు చేతిలోంచి వదలని డెక్స్‌టర్, ఎప్పుడూ ఒకరినొకరు ఏడిపించుకునే ఓవెన్, ఫెలిసిటీ, ఇక కెజాయా. ఆ పిల్ల మొదటి రోజంతా నాతో మాట్లాడింది రెండే ముక్కలు. "బాగున్నాను, మిస్."

మొదటి రోజు హాయిగా గడిచింది. జూన్ నెల, వాన లేదు. దారికి రెండు పక్కలా తెల్లపూలు నా భుజాల ఎత్తున పూశాయి. పల్లం వచ్చినప్పుడల్లా పెడల్ మీంచి కాళ్లు తీసేసి చిన్నపిల్లలా చాపాను. ఎవరూ చూడలేదు. చూసినా నష్టం లేదు.

రెండో రోజు పదకొండింటికి పిల్లలు పెన్‌బ్యాచ్ వంతెన దగ్గర కనిపించాలి. పదకొండున్నరైనా జాడ లేదు. క్లైవ్ ఫోన్ చేశాడు.

"చుక్క కదలట్లేదు గ్వెండా. నలభై నిమిషాలుగా టాన్‌హౌస్ పొలంలోనే ఉంది. ఎవరి కాలో విరిగుంటుంది. నేను బయల్దేరుతున్నా."

"నువ్వు చుట్టు తిరిగొచ్చేసరికి అరగంట. నేను ఐదు నిమిషాల్లో చూసి చెప్తాను, ఆగు."

సైకిల్‌ని గేటుకి ఆనించి, ముళ్లపొదల కంచె సందులోంచి తొంగిచూశాను. నాలుగు సంచులూ గడ్డిలో పడున్నాయి. నలుగురూ మోకాళ్ల మీద కూర్చుని, ఇంకా ఉన్ని కత్తిరించని ఓ పెద్ద గొర్రెని అటూ ఇటూ పట్టుకుని ఉన్నారు. బరువైన ఉన్నితో ఉన్న గొర్రె వెల్లకిలా పడిందంటే తనంతట తాను లేవలేదు. అలాగే వదిలేస్తే చచ్చిపోతుంది. కాస్త దూరంలో దాని పిల్ల అరుస్తోంది.

"నిలబడింది, వదిలెయ్, వదిలెయ్!" అని డెక్స్‌టర్ అరిచాడు.

వదిలారు. గొర్రె ఒక్క క్షణం నిలబడి, తప్పతాగినవాడిలా పక్కకి ఒరిగి మళ్లీ వెల్లకిలా పడింది.

"వదలొద్దన్నానా!" అంది కెజాయా. ఆ గొంతు అంత పైకి లేస్తుందని నాకు తెలీదు. "దాని కాళ్లు తిమ్మిరెక్కాయి. రక్తం పారేదాకా పట్టుకునే ఉండాలి."

"నీకెలా తెలుసు?" అన్నాడు డెక్స్‌టర్.

"నిన్న దారిలో కలిసిన రైతుని అడిగాను. నువ్వు ఫోటోలకి పళ్లికిలిస్తున్నప్పుడు."

"ఎంతసేపు పట్టుకోవాలి? పదకొండింటికే వంతెన దగ్గరుండాల్సింది మనం. గొర్రె కోసం పతకం పోగొట్టుకుంటామా?"

"అయితే నువ్వు పో. అదుగో, ఆ కాకులు చూశావా? మనం కదిలామంటే ముందు దీని కళ్లు పొడుస్తాయి."

డెక్స్‌టర్ కాకుల వైపు చూశాడు, గొర్రె మొహం చూశాడు. "అన్నీ నాకే చూపించు," అని గొణుక్కుంటూ మళ్లీ మోకాళ్ల మీద కూలబడి దాని పొట్ట కింద చేతులు పెట్టాడు.

"అబ్బా, ఏం కంపురా బాబూ," అన్నాడు ఓవెన్.

"గొర్రె కూడా అదే అనుకుంటోంది, నీ సాక్సు గురించి," అంది ఫెలిసిటీ.

నవ్వు ఆపుకోడానికి గ్లవ్ కొరుక్కున్నాను. వెళ్లి ఓ చెయ్యి వేద్దామని ప్రాణం కొట్టుకుంది. కానీ ప్రమాదం లేనప్పుడు కలగజేసుకోకూడదు. క్లైవ్‌కి మెసేజ్ పెట్టాను: "కాళ్లన్నీ క్షేమం. మొత్తం పన్నెండు."

"పన్నెండా???" అని జవాబొచ్చింది.

ఇంకో పావుగంట పట్టింది. గొర్రె నిలబడింది, తూలింది, నాలుగడుగులు వేసింది, చాలాసేపు ఉచ్చ పోసింది. తర్వాత వెనక్కి కూడా చూడకుండా పిల్ల దగ్గరికి నడిచిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టి, కేకలేసి, ఆ ఊపులోనే సంచులు ఎత్తుకుని బయల్దేరారు. కానీ వెళ్లాల్సిన గేటులోంచి కాదు, వేరే గేటులోంచి, వేరే లోయలోకి.

నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఆ బాట హోప్‌స్టోక్ ఊళ్లో తారురోడ్డు మీదికి తేలుతుంది. అందులో భయపడేదేం లేదు. వాళ్లకి మూడు మైళ్లు. నాకు చుట్టూ తిరిగి ఆరు మైళ్లు, మధ్యలో టాన్‌హౌస్ కొండ ఎక్కుడు. వాళ్లకంటే ముందు అక్కడుండాలి.

ఎక్కుడు సగంలోనే గేర్లన్నీ అయిపోయాయి. ఆ పైన తిట్లతో తొక్కాను. కంచె మీంచి ఓ ముసలాయన, "దిగి నడవకూడదూ అమ్మాయ్?" అన్నాడు. జవాబివ్వడానికి ఊపిరి లేక చెయ్యి ఊపాను. పైకెక్కాక మాత్రం లోయంతా ఒక్కసారి విచ్చుకుంది. బ్రేకులు వదిలేశాను. గాలికి కళ్లవెంట నీళ్లు కారాయి. మోకాలు, వయసు, క్లైవ్ అందరూ వెనకే ఎక్కడో ఉండిపోయారు.

హోప్‌స్టోక్‌లో బెంచీ మీద కూలబడి, ఫ్లాస్కు మూత తీసి, మొహం తుడుచుకునేసరికి నలుగురూ మలుపు తిరిగారు.

"అరె, మీరా మిస్!" అన్నాడు డెక్స్‌టర్. "మేం తప్పు గేటు దాటాం. ఇందాకే తెలిసింది. ఇప్పుడు మ్యాపు కెజాయా దగ్గరుంది."

"మంచిది. ఇక్కణ్ణుంచి ఎలా వెళ్లాలో మీరే తేల్చుకోండి."

"మీరొచ్చి చాలాసేపైందా?" అని కెజాయా అడిగింది.

"అయింది. టీ కూడా చల్లారిపోయింది."

ఆ పిల్ల నా కప్పులోంచి లేస్తున్న ఆవిరి చూసింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీ జుట్టు నిండా ముళ్లపొద ఆకులే, మిస్."

ఓవెన్ ఇక ఆగలేకపోయాడు. "కంచె సందులోంచి పసుప్పచ్చ హెల్మెట్ మెరుస్తూ కనిపిస్తూనే ఉంది!"

"మరి చూసి పిలవలేదేం?"

"పాపం, అంత కష్టపడి దాక్కున్నారు కదా అని," అంది ఫెలిసిటీ.

నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాను.

సాయంత్రం ఏడింటికి, రెండున్నర గంటలు ఆలస్యంగా, డేరాలు వేసే పొలానికి చేరారు. క్లైవ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దారి తప్పించింది నేను సార్," అన్నాడు డెక్స్‌టర్, అతను నోరు విప్పకముందే. "గొర్రె మాత్రం అందరిదీ."

క్లైవ్ కథంతా విన్నాడు. తర్వాత పుస్తకం తీసి, "ఆలస్యానికి కారణం సరైనదే" అని రాసుకున్నాడు.

ఎవరు చెప్పారో ఏమో, చీకటి పడకముందే టాన్‌హౌస్ రైతు బుట్టెడు గుడ్లతో వచ్చాడు. "మా ముసల్దాన్ని లేపిన డాక్టర్లెవరు?"

పిల్లలు లేచి నిలబడ్డారు. క్లైవ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "బయటి తిండి తీసుకోకూడదు. రూలు." ఓ క్షణం ఆలోచించి, "రూలు పిల్లలకే అనుకో," అని బుట్ట అందుకున్నాడు. పిల్లల గోలకి పక్క పొలంలో ఆవులు తలలెత్తాయి.

మర్నాడు మధ్యాహ్నం నడక ముగిసింది, నిమిషం ఆలస్యం లేకుండా. వ్యాను దగ్గర క్లైవ్ ఓ గిన్నె మూత తీశాడు. గుడ్లన్నీ ఉడకబెట్టి తెచ్చాడు. పక్కన కాగితంలో ఉప్పు. ఆ ఎండలో నిలబడి నలుగురూ కలిసి పదకొండు గుడ్లు తిన్నారు.

"సైకిల్ కూడా వెనకాల పడెయ్, దింపేస్తాను," అన్నాడు క్లైవ్ నాతో.

"పదహారు మైళ్లేగా. గాలి కూడా వెనకనుంచే ఉంది."

"వచ్చే నెల ఇంకో రెండు జట్లున్నాయి," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆ పసుప్పచ్చ హెల్మెట్ మార్చు."

వ్యాను కదిలేముందు కెజాయా కిటికీలోంచి తల బయటపెట్టింది. "మిస్, నాకు సైకిల్ రాదు. ఈ వయసులో నేర్చుకోవచ్చా?"

"ఆదివారం మా ఇంటికి రా. పాత ప్యాంటు వేసుకో, పడతావు."

సరేనంది. వ్యాను మలుపు తిరిగేలోపే మిగతా ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. నేను సైకిలెక్కాను. మొదటి నాలుగు మైళ్లూ పల్లమే.