కిటికీ పిన్ని ఇచ్చి పంపిన మొక్క

ఆవిడ కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. వచ్చిన వాళ్లందరికీ అద్దాలు పెట్టి, "ఇప్పుడు చివరి వరస చదవండి" అంటుంది రోజంతా. అలాంటి మనిషి, ప్రాణ స్నేహితురాలు రాసిన దాంట్లో రెండు వరసలు దాటి చదవలేదు. నా బాధంతా అదే.

వయొలెట్ మొక్కలు పెంచుకునే వాళ్లకు ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉంది. అరచేతిలో పట్టే కుండీలు, నూగు ఆకులు, కిటికీలో కాస్త వెలుగుంటే చాలు. ఒక ఆకు తుంచి మట్టిలో గుచ్చితే కొత్త మొక్క వస్తుంది కాబట్టి సభ్యులు ఒకరికొకరు ఆకులు పంపుకుంటారు. అమ్మకాలు మాత్రం నిషేధం. ఒకప్పుడు ఎరువుల వాళ్లూ కుండీల వాళ్లూ జొరబడి ఫోరాన్ని సంత చేస్తే, చీపురు పట్టి ఊడ్చినంత పని చేసింది ఈవిడే. అప్పటి నుంచి అందరికీ కాపలా అక్క అయింది. ధర కనిపిస్తే పోస్టు చెత్తబుట్టలోకి. మూడుసార్లు పెడితే సభ్యత్వమే రద్దు.

ఏడేళ్ల కిందట భర్త పోయి, గోడలతో మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆవిడకు మొదటి ఆకు పంపింది, ఫోరంలో అందరూ కిటికీ పిన్ని అని పిలిచే పెద్దావిడ. తడి దూదిలో చుట్టిన ఆకు, ఒక చీటీ. "ఇది బతుకుతుంది. నువ్వూ బతుకు." ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు గానీ, ఎవరింట్లో ఏ కుండీ మొగ్గ తొడిగిందో ఇద్దరికీ కంఠతా.

అలాంటి పిన్ని ఒక రోజు పోస్టు పెట్టింది. "నా మొక్కలన్నీ ఇచ్చేస్తున్నాను. కుండీకి ఇంత."

కాపలా అక్కకు మనసు చివుక్కుమంది. తెలిసిన మనిషని వదిలేస్తే రేపు పదిమంది వేలెత్తి చూపరూ? తీసేసింది. తన న్యాయానికి తానే మురిసింది కూడా. మర్నాడు మళ్లీ అదే పోస్టు. పిన్నికి చాదస్తం ముదిరిందనుకుని మళ్లీ తీసేసింది. మూడోసారి కిటికీ పిన్ని సభ్యత్వం రద్దయింది.

ఒక్క ముక్క రాసి కనుక్కోవచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అంటాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే వాళ్లకు అడగాలని తోచదు.

మూడు వారాల తర్వాత ఎవరో సభ్యుడు రాశాడు. "కిటికీ పిన్నికి ఒంట్లో బాగాలేదట. ఎవరికైనా తెలుసా?"

కాపలా అక్క చెత్తబుట్ట తెరిచింది. ఈసారి చివరి వరస దాకా చదివింది.

"ధర పెట్టింది డబ్బు కోసం కాదు. ఊరికే వచ్చిన మొక్కకు ఎవరూ నీళ్లు పొయ్యరు. డాక్టరు నెలలు కాదు, వారాలన్నాడు. నేనుండగానే ఇవి తలో ఇల్లూ చేరితే చూసుకుని పోతాను." కింద చిరునామా.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కింది.

పిన్ని చెల్లెలు తలుపు తీసింది. "అక్కా, మీ ఫోరం వాళ్లటే" అని లోపలికి కేకేసింది. కిటికీ గట్టు మీద కుండీల అడుగుల గుండ్రటి మరకలు మిగిలాయి. కుండీ ఒక్కటే ఉంది.

"తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదండీ" అంది చెల్లెలు. "ఎండిపోతాయేమోనని నేనే రోజూ నీళ్లు పోశాను. కుళ్లిపోయాయి."

మంచం మీద పిన్ని పిడికెడు మనిషి. "ఎవరమ్మా నువ్వు? అక్కడ నీ పేరేంటి?"

"కొత్త సభ్యురాల్నండీ."

ఎందుకలా అందో ఆవిడకే తెలియదు. భయం వేసింది, అంతే.

"నన్ను తీసేశారమ్మా" అంది పిన్ని. "కాపలా అక్కని మాత్రం ఎవరూ ఏమీ అనకండి. బంగారం లాంటి మనిషి. నేను వ్యాపారం చెయ్యలేదని ఒక్క మాట ఆవిడకి చెప్తావా? నా గురించి ఏమనుకుంటోందో ఏమో."

"చెప్తాను."

"ఆ కుండీ ఆవిడకే ఉంచాను. దీని జోలికి రావద్దని మా చెల్లెలికి ఒట్టు పెట్టాను. తెల్ల పువ్వు, నీలం అంచు. నేను పుట్టించిన రంగది, ఇంకెక్కడా లేదు. తీసుకెళ్లి ఇస్తావా తల్లీ?"

నేనే పిన్నీ అనబోయింది. కానీ కుండీ చేతిలోకి తీసుకుని "ఇస్తాను" అంది.

"నీళ్లు కింద పళ్లెంలో పొయ్యమను. ఆకుల మీద పడితే మచ్చలొస్తాయి." పిన్ని నవ్వింది. "ఆవిడకి తెలుసులే. నాకంటే బాగా తెలుసు."

చెల్లెలికి ఫోన్ నంబరిచ్చి, కుండీ ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరింది. ఆదివారం మళ్లీ వెళ్లి నిజం చెప్పేయాలనుకుంది. ఏమని మొదలుపెట్టాలో రోజూ అద్దం ముందు నిలబడి అనుకుంది కూడా.

గురువారం దుకాణంలో ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"పొద్దున్న పోయిందండీ. రాత్రంతా ఒకటే అడిగింది, మొక్క ఆవిడకి చేరిందా అని. నాకు తెలీకపోయినా చేరిందనే చెప్పాను. చేరిందా?"

"చేరింది."

"అమ్మయ్య. మా అక్క వ్యాపారం చెయ్యలేదని చెప్పారా మరి? ఆవిడేమంది?"

పక్కన అద్దాలు పెట్టుకుని చివరి వరస చదువుతున్న మనిషి చదవడం ఆపేశాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, దుకాణంలో అందరూ చూస్తుండగా కాపలా అక్క బావురుమంది.

"ఏమందండీ?" అని చెల్లెలు మళ్లీ అడిగింది.