మేకులు కొట్టిన కిటికీ

మా వదిన పనిబల్ల మీదే పడిపోయింది. పడేటప్పుడు ఆమె చెంప తడి రబ్బరు ముఖానికి అంటుకుంది. మా అరుపులు విని కాంట్రాక్టరు ముందు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు వదిన తలను పక్కకు నెట్టి, ఆ ముఖాన్ని ఎత్తి దీపం కింద తిప్పి తిప్పి చూశాడు.

"చెంప అచ్చు పడిపోయింది. దీన్ని మళ్లీ మొదట్నించీ చెయ్యాలి," అన్నాడు.

మనిషి బతికుందా అని అడగలేదు. మేమందరం చూస్తూనే ఉన్నాం.

మాది సినిమావాళ్ల రబ్బరు సామాను బాగుచేసే షెడ్డు. భూతాల ముఖాలు, సైనికుల కవచాలు, వంగే కత్తులు షూటింగుల నుంచి చిరిగి, బీటలు వారి, బుడగలు లేచి వస్తాయి. బుడగను సూదితో పొడిచి, రబ్బరు పాలు కుంచెతో పూసి, ఆరాక ఘాటు మందుతో తుడిచి నునుపు చేస్తాం. మీరు తెర మీద ఆ భూతాన్ని చూసి ఈలలు వేసే ఉంటారు, మా గోడు వినడానికొచ్చిన విద్యార్థులారా. ఆ నునుపు కోసం మా కళ్లు మండుతాయి, తల దిమ్మెక్కుతుంది. గాలి ఆడితే కొంత నయం. కానీ తడి రబ్బరు మీద దుమ్ము పడితే మొటిమల్లా లేస్తుందని కాంట్రాక్టరు కిటికీకి మేకులు కొట్టించాడు, ఫ్యాను పీకించాడు. భూతానికి మొటిమలొస్తే ఆయన ప్రాణం విలవిల్లాడిపోతుంది.

"ఆ గదిలోకి మళ్లీ అడుగుపెట్టావంటే నీ ఊపిరితిత్తులకు నా పూచీ లేదు," అని ఆసుపత్రిలో డాక్టరమ్మ వదినకు తేల్చి చెప్పింది. మా అన్న నడుము విరిగి మంచంలో ఉన్నాడు. వదిన నాలుగు రోజులు పడుకుని, మళ్లీ వచ్చి బల్ల దగ్గర కూచుంది.

నీళ్ల పంపు దగ్గర గొడవ మొదలైంది.

"కిటికీ తీయమని అడుగుదాం," అన్నాను నేను.

"అడుగు, గేటు చూపిస్తాడు," అంది ఒకామె.

ముందు గదిలో రంగులు వేసే పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "నన్ను లాగకండి. నాది కళ. మీవి అతుకులు."

"మీ కళ మా అతుకుల మీదే కదా పెద్దాయనా పూసేది," అంది వదిన రొప్పుతూ. ఆయన చెంబు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

అడిగే ధైర్యం చాలక మేం దొంగ దెబ్బ తీశాం. బుడగలు పొడవకుండా పైన పల్చగా పూత పూసి పంపేశాం. పైకి నున్నగానే ఉంటుంది. షూటింగు దీపాల వేడికి లోపలి గాలి ఉబ్బి పూత పగులుతుంది. కాంట్రాక్టరు పరువు గంగలో కలుస్తుందని లోలోపల నవ్వుకున్నాం.

మర్నాడు గేటు ముందుకు ఒక గుంపు వచ్చింది. గుంపు సీన్లలో వేషాలు వేసేవాళ్లు. ముందు నిలబడ్డవాణ్ణి అందరూ 'శవం' అంటారు, ఏ సినిమాలోనైనా ముందు చచ్చేది అతనే కాబట్టి. అతని చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది.

"పూత ఊడి కళ్లకు అడ్డం పడింది. దారి కనపడక మెట్ల మీంచి దొర్లాను. ఎవరు అతికారిది?"

"ఇదిగో, వీళ్లే. మీరే తేల్చుకోండి," అని కాంట్రాక్టరు చేతులు దులుపుకున్నాడు.

సిగ్గుతో మేం ఒకరి వెనక ఒకరం నక్కాం. వదిన ఒక్కతే ముందుకెళ్లింది.

"మేమే. కావాలనే చేశాం. కసి వాడి మీద, దెబ్బ నీకు తగిలింది నాయనా. కొడితే కొట్టండి. లోపలికొచ్చి కొట్టండి."

లోపలికొచ్చారు. పది అంగలు వేయకుండానే ముక్కులు మూసుకుని దగ్గడం మొదలుపెట్టారు. శవం బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ముఖం తగిలించుకుంటే మాకూ ఇదే కంపు. తల తిరిగితే ఎండదెబ్బ అనుకునేవాళ్లం. దీన్నా మేం రోజంతా పీలుస్తున్నది?"

ఆ గోడ పక్కనే అందరం కూచున్నాం. తిట్టుకున్నాం, ఏడ్చాం. చివరికి వదిన అంది, "చాటుగా చేస్తే మనవాళ్ల చెయ్యే విరిగింది. ఇక ఏం చేసినా వాడి మొహం మీదే చెప్పి చేద్దాం."

యుద్ధం సీను రోజు వచ్చింది. బల్లల నిండా చిరిగిన ముఖాలు. కిటికీ తీసేదాకా సూది పట్టం అన్నాం. "వీళ్లు బాగుచేసేదాకా మేం ముఖాలు తగిలించుకోం," అని మా షెడ్డుకే వచ్చి కూచున్న వేషగాళ్లన్నారు. కాంట్రాక్టరు బతిమాలలేదు, పోలీసులను పిలిచాడు. సామాను చెడగొట్టామని మా నోటితోనే ఒప్పుకున్నాం కదా, అది వాడికి బాగా పనికొచ్చింది.

పోలీసుల ఎదుటే వదిన పటకారు తీసుకుని మొదటి మేకు పీకింది.

"ఎవరు తీయమన్నారే?" అన్నాడు ఎస్సై.

"ఊపిరాడక తీస్తున్నా."

జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి జీపులో పడేశారు. కింద పడిన పటకారు నేను అందుకున్నాను. నన్ను లాగితే ఇంకొకామె అందుకుంది. ఆ తర్వాత శవం, ఎడమ చేత్తో. చివర్న ముందు గదిలోంచి రంగులాయన వచ్చాడు. "ఇటివ్వండి, మీకు పట్టు చేతకావడం లేదు," అని విసుక్కున్నాడు. ఆ విసుగు వింటే నాకు ఏడుపొచ్చింది.

జీపు చాల్లేదు. వ్యాను కోసం కబురు పెట్టారు. వ్యాను వచ్చేలోపు కిటికీకి ఒక్క మేకు మిగల్లేదు. వీధి దుమ్ము లోపలికొచ్చి భూతాల ముఖాల మీద పడింది. కాంట్రాక్టరు ఒక్కడే తువ్వాలు పట్టుకుని వాటిని తుడుస్తూ తిరిగాడు.

లాకప్పులో వదిన నేల మీద పడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. ఆ గదికి కిటికీయే లేదు.

"తీశారా?" అంది.

"తీశాం వదినా."

"గాలొచ్చిందా?"

"వచ్చింది."

ఆమె ఇంకేదో అనబోయింది, దగ్గు తెర అననివ్వలేదు. నీళ్లు కావాలని, డాక్టరు కావాలని అరిచాం. "నోరు ముయ్యండే" అని బయట సెంట్రీ కసిరాడు. నేను వదిన తలను పక్కామె ఒళ్లో పెట్టి, లేచి, రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఊపాను. అందరూ లేచారు. పక్క గదిలోంచి మగవాళ్లు అందుకున్నారు. తలుపు తెరిచేదాకా మేం ఆపలేదు.