మదర్ సీరియస్

కార్డులో నాలుగు ముక్కలే ఉన్నాయి. "పరీక్షలు దగ్గరకొచ్చినాయి. అయిపోయేదాకా జాబు రాయలేను. నేను బాగుండా. దిగులు పడొద్దు."

జైతున్‌బీ ఐదో తరగతి దాకా చదువుకుంది కాబట్టి ఆ ముక్కలు ఎవరిచేతా చదివించుకోనక్కరలేకపోయింది. చదివించుకుని ఉంటే బాగుండేది. చదివినవాళ్ళు చదివి ఊరుకునేవాళ్ళు. ఆమె మాత్రం చివరి ముక్క దగ్గర ఆగిపోయింది. దిగులు పడొద్దని ఎందుకు రాసింది? ఏమీ లేకపోతే దిగులు మాట ఎందుకొస్తుంది?

కూతురు జమ్రూద్ హిందూపురంలో నర్సు ట్రైనింగులో చేరి ఏడు నెలలైంది. ధర్మవరంలో ప్యాసింజరు రైలెక్కితే పూట కూడా పట్టని దూరం. అయినా పిల్లను పంపిన రోజు నుంచీ జైతున్‌బీ గుండెల్లో మగ్గం ఆడుతూనే ఉంది. రైలు దిగేటప్పుడు కాలు జారి పడుతుందేమో. హాస్టలు మిద్దె పిట్టగోడ పొట్టిదేమో. జబ్బు మనుషుల మధ్య తిరిగి ఏం అంటించుకుంటుందో. "నీ తలకాయలో గోరీలదొడ్డి పెట్టుకోనుండావు కదే, దినామూ ఎవుర్నో ఒకర్ని పూడుస్తాండావు" అనేవాడు మొగుడు మాబుసాబ్. ఆ వారం ఆయన పెండ్లి పనిమీద అమరాపురం పోయాడు. ఎగతాళి చేసి ఆమె భయాన్ని కాస్త చల్లార్చే మనిషి ఇంట్లో లేడు.

పన్నెండు రోజులు ఓర్చుకుంది. పదమూడో రోజు పొద్దున్నే పోస్టాఫీసుకు పోయింది.

టెలిగ్రాం కిటికీలో వెంకటరాముడు ఫారం తీశాడు. "ఏం రాయల్లక్కా?"

"మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ."

ఆ నాలుగు ఇంగ్లీషు మాటలు ఆ రోజుల్లో అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా వచ్చు. దూరాన ఉన్న బిడ్డకు సెలవు దొరకాలంటే అవే మందు. పై అధికారి ముందు వాటికున్న బలం నిజానికి కూడా ఉండేది కాదు.

"ఎవురిదక్కా మదరు?"

"మా జమ్రూద్‌ది."

కలం ఆగింది. "అంటే నువ్వే కదా."

"నేనే."

"ఈడ నిలబడుకోనుండావే!"

"లోపల సీరియస్సప్పా."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వెంకటరాముడు కూడా నవ్వాడు గానీ ఫారం పక్కన పెట్టాడు. "వద్దులేక్కా. ఎట్లుండావని ఇస్తాం. జవాబుకు కూడా దుడ్లు మనమే కడితే, బాగుండానని ఆ పాపే తిరిగి కొడుతుంది. రేపటికల్లా వస్తాది."

అట్లాంటి దారి ఒకటుందని జైతున్‌బీకి అప్పటిదాకా తెలియదు. తెలిసిన తర్వాత కూడా తల అడ్డంగా ఊపింది. బాగున్నాననే మాట కార్డులోనూ ఉంది కదా. మాట చాలదు. కండ్లతో చూడాలి. తాను అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలుసు. అక్కడ పరీక్షలని తెలుసు. రెండూ తెలిసే కింద చేవ్రాలు చేసింది.

మర్నాటికి మనసు తేటపడింది. పిల్లకు ఇష్టమని శనక్కాయలు వేయించి, రోటి ముందు కూర్చుని ఊరిబిండి పచ్చడి నూరసాగింది. రాగానే ఏం చెప్పాలో కూడా కుదుర్చుకుంది. నిన్న నొప్పొచ్చింది, ఈ పొద్దు తగ్గింది. అంతే.

పొద్దు నడినెత్తికి రాకముందే వాకిట్లో అడుగుల చప్పుడైంది. గడపలో జమ్రూద్, ఆమె వెనకాల పక్కింటి బుడన్‌బీ. పిల్ల జడ ఊడిపోయి ఉంది. ట్రైనింగు తెల్లచీర మోకాలి దగ్గర చినిగి, నెత్తురు ఎండి అట్టకట్టింది.

"మా!" అని వచ్చి తల్లిని కరచుకుంది. ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. "బతికుండావు మా, బతికుండావు!"

"ఆ కాలేమాయనే?"

"రైలు నిలబడకముందే దూకినా."

ఏడు నెలలుగా జైతున్‌బీ కండ్లు మూస్తే కనబడే బొమ్మ అదే. రైలు, కాలు, నెత్తురు. దాన్ని ఇప్పుడు తానే ఫారం నింపించి మరీ తెప్పించుకుంది.

అయినా నోరు తన పని తాను చేసింది. "నిన్న ఎదలో నొప్పొచ్చి..."

జమ్రూద్ వేళ్ళు వెంటనే తల్లి మణికట్టు మీదికి పోయాయి. కండ్లు తన చేతి గడియారం మీదికి పోయాయి. "ఎడమ పక్కనా, నడిమధ్యనా? చెయ్యి లాగిందా? చెమట పట్టిందా? ఎంతసేపుండింది?"

ఒక్కోదానికీ ఒక్కో అబద్ధం వెతుక్కోవలసి వచ్చింది. మూడోదానికి దొరకలేదు. జమ్రూద్ రోటివైపు చూసింది. తల్లి చేతికంటిన పొడి చూసింది. మణికట్టు మీద వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

"నొప్పి రాలేదు కదా మా."

జైతున్‌బీ చేతికంటిన పొడిని కొంగుకు తుడుచుకుంది.

"రైలంతా, గోరీకి ముందు నిన్ను కడగనీకి ఎవురెవుర్ని పిలవల్లా అనుకుంటా వచ్చినా. ఈ పెద్దమ్మ ఒకరు. నల్లచెరువు చిన్నమ్మ ఒకరు. ఇంకొకరు ఎవురా, ఎవురా అని పెనుకొండ దాకా అదే." అరిచి ఉంటే బాగుండేది. సరుకుల పట్టీ చదివినట్టు చెప్పింది. "ఈ పొద్దు వార్డులో పరీక్ష. మేట్రనమ్మ టెలిగ్రాం చూసి పంపించింది. మూడు దినాల్లో డాక్టరు చీటీ తెస్తే రెండో జట్టుతో కూర్చోబెడతానన్నాది. లేకుంటే ఏడాది పోయినట్టే."

బుడన్‌బీ గొంతు సవరించుకుంది. "చీటీదేముండాది? కాంపౌండరు చంద్రప్పను అడిగితే గుండెనొప్పని గీకించి తెస్తాడు. మీ అమ్మ మొగం చూస్తే ఎవురైనా నమ్ముతారు పాపా. ఎప్పుడు చూడూ పీనుగు లేచిన ఇల్లు మాదిరే ఉంటాది."

ఎవరూ నవ్వలేదు. "నీ ఇష్టం మా" అని జమ్రూద్ కాలు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

ఆ మాట జైతున్‌బీకి చెంపదెబ్బలా తగిలింది. చీటీ తెస్తే పరీక్ష దక్కుతుంది. కానీ దాన్ని మేట్రను చేతిలో పెట్టేది పిల్ల. తల్లి ఆడిన అబద్ధాన్ని ఆ పిల్ల మోయాలి. నిజం చెబితే? పిల్లను ఆసుపత్రి గేటు నుంచే వెళ్ళగొట్టవచ్చు.

"చంద్రప్ప వద్దక్కా," అంది చివరికి. "రేపు దీని వెంబడి నేనే పోతా."

మర్నాడు రైల్లో జమ్రూద్ పుస్తకంలోంచి తలెత్తలేదు. పెనుకొండలో ఎదురుబండి కోసం రైలు చాలాసేపు నిలబడింది. పెట్టెలో ఎవరికీ పట్టలేదు. ఒకామె పిల్లకు పాలిస్తోంది, ఒకాయన గురక పెడుతున్నాడు. జైతున్‌బీకి మాత్రం దడ మొదలైంది. ఆ తర్వాత, పట్టాలు విరిగాయేమో అనిపించింది. ఆ తర్వాత, ముందు బండి పడిపోయిందేమో అనిపించింది.

చూసుకుంటే చేతిలో కూతురి కొంగు నలిగి ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

దడ ముందొచ్చింది. పట్టాల సంగతి తర్వాత తట్టింది. ఆ వరస ఆమె అంతకు మునుపెన్నడూ గమనించలేదు. భయం ముందే వచ్చి చాపేసుకుని కూర్చుంటుంది. నాకొక కారణం తెచ్చిపెట్టమంటుంది. తాను పరుగెత్తి తెచ్చిపెడుతుంది. కార్డులో మంచిమాటను కూడా అట్లాగే తెచ్చి దాని ముందు పెట్టింది. ఇన్నేళ్ళూ దీన్నే బిడ్డమీది ప్రేమ అని నలుగురికీ చెప్పుకుంది, పిల్లకూ చెప్పింది. చెవులు వేడెక్కాయి. మెల్లగా కొంగు వదిలేసింది. జమ్రూద్ పేజీ తిప్పింది.

మేట్రను అనసూయమ్మ పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంది. "చీటీ ఏది?" అంది జమ్రూద్‌తో.

పిల్ల నోరు తెరవకముందే జైతున్‌బీ అడ్డం వచ్చింది. "చీటీ లేదమ్మా. నాకే జబ్బూ రాలేదు. అబద్ధం టెలిగ్రాం ఇచ్చినా. పాపకు తెలీదు."

వరండాలో దుప్పట్లు మడిచే పిల్లలు చేతులాపి చూశారు.

"రాయను వస్తుందా?"

"ఐదు దాకా చదివినా."

మేట్రను కాగితం ముందుకు తోసింది. "అయితే అదే రాసి సంతకం పెట్టు."

అక్షరాలు కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నాకు ఏ జబ్బు లేదు. అబద్దం టెలిగాం ఇచ్చినాను. మేట్రను చదివి, కాగితం మీదనుంచి ఆమె ముఖంలోకి చూసింది.

"నిద్ర పడుతుందా?"

"సరిగ్గా పట్టదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇది ఈడికొచ్చినప్పట్నించి..." ఆగింది. "కాదమ్మా. ఇది పుట్టినప్పట్నించి."

"దడ?"

"ఎప్పుడూ ఉంటాది."

"అయితే మొదటి ముక్క తప్పు రాశావు. కొట్టేసి మళ్ళీ రాయి."

జైతున్‌బీ కొట్టేసింది. కాసేపు కలం పట్టుకుని, నాకు భయం ఎక్కువ అని రాసింది. ఆ మాట ఊర్లో వందమంది వందసార్లు నవ్వుతూ అన్నారు, ఆమే నవ్వుతూ ఒప్పుకుంది. తన చేత్తో రాసి చూసుకునేసరికి తల ఎత్తలేకపోయింది.

"బయటి రోగుల డాక్టరుకు చూపించుకుని పో," అంది మేట్రను. "పిల్ల రెండో జట్టులో కూర్చుంటుంది. కానీ ఒక మాట విను. ట్రైనింగు అయ్యేదాకా ఈమెకు టెలిగ్రాం వస్తే పంపను. నిజమైనా పంపను. నిజమో అబద్ధమో నాకెట్లా తెలిసేది?"

"మేడమ్..." అంది జమ్రూద్.

దడ మొదలైంది. వెంటనే బొమ్మ కూడా కట్టింది. మంచం మీద తాను, కడిగే ఆడవాళ్ళు, గడపలో పిల్ల లేదు. జైతున్‌బీ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"పంపొద్దమ్మా," అంది. "అదీ రాసిస్తా."

వంగి రాస్తోంది. పొద్దున్నుంచీ తల్లితో పలకని జమ్రూద్ పక్కన చేరి, కాగితం మీద వేలు పెట్టింది.

"టెలిగ్రాంలో గా కింద వొత్తు పెట్టలేదు మా."

జైతున్‌బీ తల ఎత్తకుండానే వొత్తు పెట్టింది.